గది ఉష్ణోగ్రత

నా పని అంకెలు వేయడం.
వ్యాసం బోగ్నా సార్నెట్స్కాది,
నికెల్‌కీ కార్బన్‌కీ మధ్య నలభై ఏళ్ళ కాపురాల లెక్క
మొత్తం ఆవిడది.
ఆరువందల పన్నెండు ఆధారాలకు
వరస తప్పకుండా నంబర్లు మాత్రం నావి.

ఎనభైమూడో చోట
మరిచిపోయిన కాగితం ఒకటి దూరిందా,
వెనకున్న అయిదువందల ముప్పైమందీ
రొట్టెల క్యూలో ముసలమ్మకి దారిచ్చినట్టు
తలా ఒక అడుగు వెనక్కి జరగాలి.

వ్రోత్స్వాఫ్‌లో ఫిబ్రవరి.
ట్రాముల అద్దాల మీద ఊపిరి.
సమీక్ష రాయడమంటే
ఊళ్ళోవాళ్ళందరి మాటా నిలబెట్టడం, అంటుంది బోగ్నా.
అని, టీలో మూడో చెంచా చక్కెర వేసుకుంటుంది.

నాలుగువందల పదిహేడు దగ్గర ఆగాం.
ఒకటిన్నర పేజీ, డెబ్బైతొమ్మిదో సంవత్సరం.
వీతోల్ద్ ప్షిబీల్, లెఓకాదియా గజ్దా.
నారింజ స్ఫటికాలు, దిగుబడి అరవైఒక్క శాతం,
"గది ఉష్ణోగ్రత వద్ద స్థిరం."

తర్వాత ముగ్గురు చేసి చూశారు.
ముగ్గురికీ ఫ్లాస్కు అడుగున మసి.
ఇద్దరు ఆ మాట కటువుగానే రాశారు.
మూడోవాడు మర్యాదస్తుడు,
"మాకు సాధ్యపడలేదు" అన్నాడు.

"నమ్మదగినది కాదు" అని పెన్సిల్‌తో రాసింది బోగ్నా.
రెండే మాటలు.
రాసి, చాలాసేపు రబ్బరుని వేళ్ళమధ్య తిప్పుతూ కూచుంది.
"బతికుందేమో చూడు, ఈ గజ్దా."

బతికే ఉంది. లెగ్నిత్సాలో, మూడో అంతస్తులో,
కుడిచెవి మాత్రమే వినిపించే ఫోనులో.
గది ఉష్ణోగ్రత అని రాశారు కదండీ, అన్నాను.
"ఏ గది?" అంది.

"ఆ జనవరిలో బాయిలర్ పగిలింది నాయనా.
కిటికీకి అద్దం లేదు, ప్లైవుడ్ కొట్టాం.
రెండు స్వెట్టర్ల మీద ల్యాబ్ కోటు, బొత్తాలు పట్టేవి కావు.
పొద్దున వచ్చేసరికి బీకర్లో నీళ్ళకి పెంకు కట్టి ఉండేది.
ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు వీతోల్ద్.
అందులో వెచ్చగా ఉంది, పాడైపోతుంది, అన్నాను.
పదకొండు రోజులు బల్లమీదే ఉంది, చెక్కుచెదరకుండా.
అది గదే కదా!
దానికున్నది ఆ ఉష్ణోగ్రతే కదా!"

ఎంత ఉండేదండీ, సుమారుగా?
"థర్మామీటర్ పగిలిపోయింది. కొత్తది రావాలి."
ఇప్పటికీ వస్తుందన్నట్టే అంది.

ఆ రాత్రి శీతల గదిలో, సున్నాకి ఆరు కింద,
బోగ్నా చేతులతో తనే చేసింది.
తెల్లారేసరికి నాటుకోడి గుడ్డు సొన రంగులో
గాజు అంచున కూచుని ఉన్నాయి.
ఫ్లాస్కు వరండాలోకి తెచ్చాం.
పన్నెండో నిమిషానికి నలుపు.

రెండో పరిశీలకుడు రాశాడు:
సమీక్షలో కొత్త ప్రయోగాలకు చోటు లేదు,
ఫోను సంభాషణ ఆధారం కాదు, తొలగించగలరు.
తప్పేమీ అనలేదాయన.
ప్రతివాడూ తన ఫోను రాసుకుంటే ఇక పుస్తకం ఏముంది?
అయిదు వారాలు పోట్లాడింది బోగ్నా.
బాయిలర్ పోయింది, ప్లైవుడ్ పోయింది,
బొత్తాలు పట్టని కోటు మొదటి చిత్తులోనే పోయింది.
మిగిలింది ఒక్క వాక్యం:
మూలపత్రంలోని గది ఉష్ణోగ్రతను
సున్నాకు దిగువగా అర్థం చేసుకోవాలి.
చివర్లో ఒక అంకె. నాలుగువందల పద్దెనిమిది:
లె. గజ్దా, వ్యక్తిగత సమాచారం.

నూటతొంభైఐదు మందిని వెనక్కి జరిపాను,
ఒక్కొక్కరినీ, అర్ధరాత్రి దాటేదాకా.

అచ్చుప్రతి పంపితే ఫోను చేసింది.
"వీతోల్ద్ నా ముందే ఉన్నాడు, చూశాను.
నా వెనక ఎవరు నాయనా?"
క్యూలో నిలబడ్డవాళ్ళు అడిగినట్టే అడిగింది.

చూసి చెప్పాను. ఒసాకా ఆయన.
చేసి చూసి, సాధ్యపడలేదన్న మర్యాదస్తుడు.

కాసేపు ఏమీ అనలేదు.
"పాపం," అంది,
"వాళ్ళ గది వెచ్చగా ఉండి ఉంటుంది."